లంకకి కట్టి విప్పిన వంతెన

సైన్యంలో ఇంజనీర్ల దళం ఉంటుందంటే మా వైపు చాలామంది నమ్మరు. తుపాకీ పట్టుకునేవాడు సిపాయి, టేపు పట్టుకునేవాడు ఇంజనీరు, రెండూ ఒకడే ఎలా అవుతాడండీ అని అడుగుతారు. మండపేటలో ఒక పెళ్లిలో భోజనాల దగ్గర పక్కాయన నా ఉద్యోగమేంటని అడిగితే, వంతెనలు కడతామని చెప్పాను. అయితే మా కాలవ మీద కూడా ఒకటి కట్టి పుణ్యం కట్టుకోండి అన్నాడు. అప్పట్లో నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడెవరైనా ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను కాకినాడలో పాలిటెక్నిక్ చదివాను, సివిల్ బ్రాంచి. నా పక్క బెంచీవాడు సర్వీసు పరీక్ష రాసి ప్రభుత్వ శాఖలో ఏఈ అయ్యాడు. నేను సైన్యంలో చేరాను. ఇంట్లో వాళ్లు డిప్లొమా చేసి సిపాయిగా పోవడమేంటని మొహం వేలాడేసుకున్నారు. ఒక్క మా అక్క మాత్రం, వాడికి నచ్చింది వాణ్ని చెయ్యనివ్వండి అంది. అక్కని కోనసీమలో ఒక లంకలో ఇచ్చారు. గోదావరి పాయల మధ్య కొబ్బరితోటలు, అరటితోటలు, ఓ పది పదిహేను వీధుల ఊరు. అవతలి గట్టుకి పోవాలంటే పాయకి అడ్డంగా వేసిన కాజ్‌వే ఒక్కటే దారి. వరదొస్తే అది మునిగిపోతుంది, అప్పుడు పడవ.

బెంగళూరులో శిక్షణ. రోడ్లు వెయ్యడం, మందుపాతరలు తియ్యడం, నీళ్ల పైపులు వెయ్యడం, అన్నీ నేర్పారు. కానీ నా ఒంటికి పట్టింది మటుకు వంతెన పనే. ముక్కలుముక్కలుగా లారీల్లో తెచ్చి అక్కడికక్కడ బిగించే ఇనుప వంతెన అది. ఒక్కో చట్రాన్ని ఆరుగురు కడ్డీలు దూర్చి మోయాలి. ఆరుగురిలో ఒక్కడు అడుగు తప్పినా మిగతా అయిదుగురి నడుం విరుగుతుంది. చట్రానికి చట్రాన్ని మేకుల్లాంటి లావుపాటి ఇనుప సీలలతో కలుపుతారు. గట్టు మీదే బిగించి, కింద రోలర్లు పెట్టి, మెల్లగా ముందుకి తోస్తారు. అది గాలిలో అలా సాగుతూ అవతలి గట్టుని తాకేదాకా ఎవడూ ఊపిరి తియ్యడు. తాకాక అందరూ కేకలేస్తారు. నాకా క్షణం చాలా ఇష్టంగా ఉండేది.

కేకలు అయ్యీ అవగానే శిక్షణ ఇచ్చే మా ఉస్తాద్ విప్పమనేవాడు. మేం కట్టిన వంతెన మీద ఒక్క మేకపిల్ల కూడా నడిచేది కాదు. వానలోనైనా సరే, ఎండలోనైనా సరే, మళ్లీ వెనక్కి లాగి, ప్రతి సీలా ఊడదీసి, తుడిచి, గ్రీజు రాసి పెట్టెలో సర్దాలి. ఒక్క సీల తగ్గినా దళం మొత్తం గడ్డిలో పాకుతూ వెతకాలి. కట్టడం సగం పనే, పెట్టె మూత పడితేనే పని పూర్తయినట్టని ఆయన లెక్క. సైన్యంలో వంతెనంటే ఊరి ఆస్తి కాదు, దళం సామాను. మా వాళ్లెవరికీ ఇందులో తప్పు కనిపించేది కాదు. తుపాకీని ఎవరైనా యుద్ధంలో వదిలేసి వస్తారా అనేవాళ్లు. కొండల్లో, సరిహద్దుల్లో ఎన్నో కట్టాం, ఎన్నో విప్పాం. విప్పుతున్నప్పుడు అవతల ఎవరుంటారో నేను పెద్దగా ఆలోచించలేదు, ఎందుకంటే వాళ్లు నాకేమీ కారు.

నేను నాయబ్ సుబేదార్ అయ్యాక ఒక ఏడాది గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. జిల్లా వాళ్లు సైన్యం సాయం అడిగారు, మా దళాన్ని పంపారు. మా కెప్టెన్ ఉత్తరాది మనిషి, నాకంటే బాగా చిన్నవాడు, పనిమంతుడు. నాది ఈ ప్రాంతమేనని తెలిసి, సాబ్, మీరు నా పక్కనే ఉండాలి అన్నాడు. నాయబ్ సుబేదార్లని ఆఫీసర్లు కూడా సాబ్ అనే పిలుస్తారు. ఏ ఊరికి పంపుతారా అని చూస్తే, పంపింది సరిగ్గా మా అక్క లంకకి ఎదురుగా ఉన్న గట్టు మీదికి. దేవుడు నా మొర విన్నాడనే అనుకున్నాను.

మా బావకి అప్పటికి కిడ్నీలు రెండూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు అమలాపురం వెళ్లి డయాలిసిస్ చేయించుకోవాలి. ఒక్కసారి తప్పినా కాళ్లు పొంగుతాయి, ఆయాసం వస్తుంది, రెండోసారి తప్పితే ప్రాణానికే ముప్పని డాక్టరు అక్కకి ముందే చెప్పాడు. వరద తగ్గుముఖం పట్టేసరికి కాజ్‌వే నడిమధ్యలో పెద్ద గండి పడి ఉంది. మొదట్లో బావని మా రబ్బరు పడవలోనే దాటించాను. ఆయన హుషారైన మనిషి. పడవెక్కుతూ, "ఏవోయ్ మిలట్రీ, ఇన్నాళ్లకి నీ జీతం నాకూ కాస్త ఉపయోగపడింది," అనేవాడు.

గండి మీద మన వంతెన వెయ్యొచ్చా సాబ్ అని కెప్టెన్ అడిగాడు. అడగడమే ఆలస్యం అన్నట్టు దూకాను. కానీ బెంగళూరు ఎర్రనేల వేరు, లంక మట్టి వేరు. ఇక్కడంతా ఒండ్రు, కాలేస్తే పిక్కదాకా దిగుతుంది. కాజ్‌వే తెగిన అంచులు చేత్తో తోస్తే రాలిపోతున్నాయి. వరదకి కూలిన కొబ్బరిచెట్ల మొద్దులు ఊరివాళ్లు ఈడ్చుకొచ్చారు. వాటిని అడ్డంగా, నిలువుగా పేర్చి, పైన చెక్క దిమ్మలు పరిచి, ఆ పీటల మీద వంతెన ఆనేట్టు చేశాం. రోలర్ల మీద తోస్తుంటే అవతలి గట్టు మీద లంక మొత్తం నిలబడి చూసింది. అంచు తగలగానే మావాళ్లకంటే వాళ్లే గట్టిగా కేకలేశారు. అక్క అందరికంటే ముందు నిలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా ఉద్యోగంలో అంత సంతోషం నాకింకెప్పుడూ కలగలేదు, ఇది దాచుకునే మాట కాదు.

మా పద్ధతి ప్రకారం వంతెన రెండు చివర్లా పసుపు రంగు గుండ్రటి పలక పెట్టాం, ఎంత బరువు మోస్తుందో దాని మీద అంకె వేసి. అసలు కొంప అక్కడే మునిగింది.

మర్నాడు పొద్దున్నే గట్టు మీద ఫ్లెక్సీ లేచింది. అందులో మా వంతెన కంటే అక్కడి రాజకీయ నాయకుడి మొహం పెద్దది. లంకవాసుల చిరకాల వాంఛ తీరిందని కింద రాశారు. రిబ్బన్ కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కెప్టెన్‌కి ఏమీ అర్థం కాక, సాబ్, ఇది మన సామాను కదా, దీనికి ప్రారంభోత్సవం ఏమిటి అని నన్ను అడిగాడు. మా దగ్గర అంతే సార్ అన్నాను. ఆయన మైకులో, ఇది తాత్కాలికం, శాశ్వతమైన దారి వచ్చేదాకా వాడుకోండి అని ఇంగ్లీషులో చెప్పాడు. నేను దాన్ని తెలుగులో చెప్పాను, రెండుసార్లు చెప్పాను. తాత్కాలికం అన్న మాట దగ్గర కూడా చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టేవాళ్లకి ఏం చెప్పగలం.

ఆటోలు తిరిగాయి. అరటిగెలలు పోయాయి. బావ అమలాపురం ఆటోలో వెళ్లి ఆటోలో వచ్చాడు. రేవులో పడవ నడిపే అతను రెండురోజులు గట్టు మీద కూర్చుని చూశాడు. ఒక్కరు కూడా పడవెక్కలేదు. మూడోరోజు, ఇంకిక్కడ నాకేం పనండి అని, పడవని యానాం వైపు రేవుకి తోలుకుపోయాడు. యానాంలో మందు చవక, అక్కడ పడవలకి సాయంత్రం పూట గిరాకీ ఎందుకుంటుందో ఈ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు. పోయేవాణ్ని ఎవరూ ఆపలేదు. నేనూ చేయి ఊపి పంపించాను.

తర్వాత మాకు ఆర్డరు వచ్చింది. పని అయిపోయింది, వంతెన విప్పి, సామానంతా రాజమండ్రి చేర్చి, అక్కణ్నించి వెనక్కి బయల్దేరాలి. నేను కెప్టెన్ దగ్గరికి వెళ్లి నా బావ సంగతంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. కాజ్‌వే బాగుచేసేదాకా వంతెన ఉంచమని జిల్లావాళ్లు ఒక్క మాట రాసి పంపితే చాలు, సంతోషంగా ఉంచేసి వెళ్తాను, మనంతట మనం ఉంచడానికి మాత్రం వీల్లేదు అన్నాడు. వాళ్లు పిలిస్తే వచ్చాం, వాళ్లు ఉంచమంటేనే ఉంచగలం. వెళ్లి ప్రయత్నం చెయ్యండి సాబ్, నేను విప్పడం కాస్త ఆలస్యం చేస్తాను అన్నాడు.

ఎంతపాటి పని, ఒక్క మాటేగా, అనుకున్నాను. అమలాపురంలో నీటిపారుదల ఆఫీసుకి వెళ్తే, కాజ్‌వే మాది కాదండి, రోడ్లవాళ్లది అన్నారు. రోడ్లవాళ్ల దగ్గరికి వెళ్తే, లంక లోపలి దారి పంచాయతీది అన్నారు. పంచాయతీ వాళ్లు, పాయలో ఉంది కాబట్టి నీటిపారుదలది అన్నారు. యూనిఫాంలో వెళ్లినందుకు ప్రతిచోటా కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు, అండీ అనకుండా ఒక్క ముక్క మాట్లాడలేదు. పని మాత్రం ఎవడూ చెయ్యలేదు. నాయకుడి ఇంటికి వెళ్లాను. ఆయన పీఏ నన్ను పక్కకి తీసుకెళ్లి మెల్లగా చెప్పాడు: చిరకాల వాంఛ తీరిందని మేమే బోర్డు కట్టాం కదండీ, ఇప్పుడు మేమే అది ఉత్తుత్తిదని, ఇంకొన్నాళ్లు ఉంచండని ఎలా అడుగుతామండీ. కొట్టాలన్నంత కోపం వచ్చింది. కాఫీ తాగకుండా లేచి వచ్చాను, అదొక్కటే నేను చెయ్యగలిగింది.

చివరికి నా పక్క బెంచీవాడు గుర్తొచ్చాడు. ఆ గండి పడిన దారి మరమ్మతుల పని నిజానికి వాడి చేతిలోనే ఉందని అప్పుడు తెలిసింది. ఆఫీసులో పట్టుకున్నాను. వాడు నన్ను చూసి నిజంగానే సంతోషించాడు, కాకినాడ రోజులు తలుచుకున్నాడు. అసలు విషయం చెప్పేసరికి మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు.

"నీ వంతెనే నా పీక కోసిందిరా," అన్నాడు. "తెగిన దార్లన్నీ చూడ్డానికి పైవాళ్లు వచ్చారు. మీ లంక దగ్గరికి రాగానే పసుపు పలక, దాని మీద అంకె, మీద పోతున్న ఆటోలు కనిపించాయి. దారి బాగుందని రాసుకున్నారు. మీ గండి అర్జంటు పనుల్లోంచి ఎగిరిపోయింది."

అది తాత్కాలికమని, మేం విప్పేస్తామని చెప్పకపోయావా అని అడిగాను. సైన్యం ఏం చేస్తుందో నేనెలా చెప్తాను అన్నాడు. పోనీ ఇప్పుడు నేను చెప్తున్నాను కదా, రాయి అన్నాను. విప్పుతారన్నది మీ పైవాళ్ల నుంచి మా పైవాళ్లకి రావాలి, వంతెన కళ్లెదురుగా నిలబడి ఉండగా దారి లేదని నేనెలా పెడతాను, విప్పేశాక పెడతాను అన్నాడు. విప్పేశాక మా బావ ఏం కావాలిరా అన్నాను. వాడు ముందుకి వంగి చెప్పాడు.

"నువ్వు కట్టకుండా ఉంటే, ఈపాటికి నేను గండిలో ఇసుక బస్తాలేసి, పైన గ్రావెల్ తోలి, ఆటో పోయేలా చేసుండేవాణ్ని. దానికి పైనుంచి డబ్బులు కూడా వచ్చేవి. నువ్వు కట్టావు కాబట్టే నేను కట్టలేకపోతున్నాను."

వాడి గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, నాలుగు తిట్టి వచ్చేవాణ్ని. ఒకే మాస్టారి దగ్గర ఒకే పునాదుల పాఠం విన్నవాళ్లం ఇద్దరం. వాడు వెయ్యగలిగినదాన్ని నా వంతెన ఆపింది, నేను ఉంచగలిగినదాన్ని వాడి పైవాళ్లు ఆపారు. ఇద్దరం ఇంజనీర్లమే, ఒక రోగిష్టి మనిషిని పాయ దాటించలేకపోయాం. బస్సులో తిరిగి వస్తూ ఇంజనీరు అన్న మాట మీదే నాకు అసహ్యం వేసింది.

కెప్టెన్ ఆలస్యం చెయ్యగలిగినంత చేశాడు. పైనుంచి గట్టిగా అడిగాక, రేపు విప్పుదాం సాబ్ అన్నాడు. ఆ మర్నాడు బావకి డయాలిసిస్ ఉంది. ఆయన ఆటో దాటేదాకా ఒక్క సీల మీద చేయి వెయ్యనివ్వలేదు నేను. ఆ వంతెన మీద ఆఖరుగా పోయిన బండి అదే. లోపలి నుంచి బావ చెయ్యి బయటికి పెట్టి ఊపాడు. అప్పుడు మొదలుపెట్టాం.

లంకవాళ్లు అవతల నిలబడ్డారు. ఈసారి కేకలు లేవు. మామూలుగా అయితే విప్పేటప్పుడు మావాళ్లు పాటలు పాడతారు, జోకులేస్తారు. ఆ రోజు అదీ లేదు. అవతలి కొస గట్టు మీంచి లేచి గాలిలోకి రాగానే ఒక ముసలాయన, "మేం మీకేం అపకారం చేశామండీ?" అని గట్టిగా అడిగాడు. కెప్టెన్ ఆయన ఏమంటున్నాడని నన్ను అడిగాడు. మొదటిసారి నేను అనువదించలేదు. ప్రతి సీలా తుడిచి, గ్రీజు రాసి, పెట్టెలో సర్దాం. ఒక్కటి కూడా తగ్గలేదు.

సాయంత్రం బావ తిరిగొచ్చేసరికి గండి గండిలాగే ఉంది. కెప్టెన్ ఒక రబ్బరు పడవని లారీ ఎక్కించకుండా ఆపి ఉంచాడు, అందులో దాటించాను. డయాలిసిస్ అయిన రోజు బావకి నిలబడే ఓపిక ఉండదు. అక్క అవతల నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఆయన్ని దింపుకుంది. నా వైపు చూడలేదు. పడవ వెనక్కి తిప్పుతుంటే మాత్రం, "యానాం పోయిన పడవతన్ని పిలిపించావా?" అని అడిగింది. ఫోన్ చేశాను, రానన్నాడు అని చెప్పాను. నిజమే, మళ్లీ ఎప్పుడు వంతెన వేస్తారో, మళ్లీ ఎప్పుడు విప్పుతారో, నేను తిరగలేనండి అన్నాడతను. అతన్ననడానికి నాకేం మొహం ఉంది.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి చేరుకున్నాం. ఒక కాలేజీ మైదానంలో లారీలు వరసగా పెట్టి, బయల్దేరమన్న ఆర్డరు కోసం కూర్చున్నాం. అంత తొందరపెట్టి విప్పించినవాళ్లు ఇప్పుడు రైలు వ్యాగన్లు ఖాళీ లేవు, ఆగమన్నారు. సైన్యంలో ఇది కొత్త కాదు. పరిగెత్తించి తీసుకొచ్చి కూర్చోబెడతారు. కానీ ఈసారి కూర్చోవడం నావల్ల కాలేదు. వంతెన మొత్తం నా కళ్లెదురుగా లారీల మీద పడుకుని ఉంది, దాని కింద నీడలో మావాళ్లు పేకాడుకుంటున్నారు. లంక అక్కణ్నించి ఎంతో దూరం లేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం లంకనుంచి ఎవరో నా ఫోన్‌కి ఒక వీడియో పంపారు. అరటిబోదెలు పక్కపక్కన పేర్చి, వెదురు గుచ్చి కట్టిన తెప్ప. దాని మీద ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో బావ. గండికి దిగువన నీళ్లు గుండెల్లోతుకి తగ్గాయి. నలుగురు తెప్పని తోస్తున్నారు. అక్క పక్కనే నీళ్లలో నడుస్తూ, డయాలిసిస్ సూదులు గుచ్చే ఆయన చెయ్యిని తడవకుండా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. మధ్యలో ఒకసారి ఆవిడ కాలు జారింది. మునిగి లేచింది, చెయ్యి మాత్రం వదల్లేదు. నేను లారీ చక్రానికి ఆనుకుని కూర్చుని ఏడ్చాను. మావాళ్లు పేక ఆపి, తల తిప్పుకున్నారు.

వీడియో కెప్టెన్‌కి చూపించాను. ఆయన నా ఎదురుగానే జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసి, మీరు అడగండి చాలు, సాయంత్రానికల్లా మళ్లీ కట్టేస్తాం అని దాదాపు బతిమాలాడు. అవతలివాళ్లు సోమవారం ఫైలు పెడతామన్నారు. ఆయన ఫోన్ పెట్టేసి, మీకు సెలవిస్తాను, ఇంటికి వెళ్లిరండి సాబ్ అన్నాడు. ఒక దళాన్ని పంపలేక ఒక మనిషిని పంపాడు, పాపం.

అమలాపురం బస్సెక్కి, చీకటి పడకముందే రేవు చేరాను. బావ ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చి, గట్టు మీద తెప్ప కోసం ఎదురుచూస్తున్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు గాని ఓపిక లేదు. యూనిఫాం ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాను. ఇన్నేళ్ల శిక్షణ, ఇంత ఇనుము, అన్నీ రాజమండ్రిలో ఉన్నాయి. నా దగ్గర రెండు చేతులు మాత్రమే ఉన్నాయి. మిగతావాళ్లతో కలిసి తెప్పకి భుజం ఆనించాను. అక్క అటు పక్కన ఉంది. సగం దూరం వచ్చాం. అప్పుడు కోపం లేకుండా, పిల్లాడికి చెప్పినట్టే చెప్పింది.

"మళ్లీ వరదొస్తే మీ వాళ్లని రావద్దని చెప్పరా తమ్ముడూ. మా తిప్పలేవో మేం పడతాం."

అలాగే చెప్తానక్కా అన్నాను. ఆవిడ చేతులు లాగేస్తున్నాయంది. కాసేపు నువ్వు పట్టుకో, కట్టు తడవనివ్వకు అని బావ చెయ్యిని నాకు అందించింది. అవతలి గట్టు వచ్చేదాకా పైకెత్తి పట్టుకున్నాను.